పొగ చదివే పింగాణీ

ఇంజిన్ లోపల మంట ఎలా మండిందో తొంగి చూసే వీల్లేదు. సైలెన్సర్ దారిన బయటికొచ్చే పొగను అడగాల్సిందే. అందులో ఆక్సిజన్ మిగిలిపోయి ఉంటే పెట్రోలు తక్కువ పడింది, మెకానిక్ భాషలో మిక్చర్ లీన్. ఆక్సిజన్ కరువై సగం కాలిన కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు ఎక్కువగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది, అంటే రిచ్. ఈ సంగతిని అంకెగా మార్చేది స్పార్క్ ప్లగ్ ఆకారంలో ఉండే చిన్న సెన్సర్. దాని కొసన ఉన్నది జిర్కోనియా అనే పింగాణీ. ఆ పింగాణీని కనిపెట్టినవాళ్లు ఒకరు, దానికి గిరాకీ తెచ్చినవాళ్లు మరొకరు, అది చెప్పేదాన్ని వినే పద్ధతిని కంపెనీ గోడల అవతలికి తెచ్చి నలుగురి ముందూ పరిచినవాళ్లు ఇంకొకరు. మూడో వరుసలోని వాళ్లలో ఎక్కువమంది పగలు వేరే ఉద్యోగం చేసుకుని, రాత్రిపూట సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నవాళ్లు. నూట పాతికేళ్ల ఈ కథలో నాకు ఎక్కువ ఆసక్తి వాళ్ల మీదే. అయితే వాళ్ల దాకా రావాలంటే ముందొక దీపం దగ్గరికి వెళ్లాలి.

1890ల చివర, జర్మనీలోని గోటింగెన్ పట్టణం. ఎడిసన్ బల్బులో వెలిగే కార్బన్ తీగ గాలి తగిలితే కాలిపోతుంది కాబట్టి గాజు బుడ్డిలోంచి గాలి తీసెయ్యాల్సి వచ్చేది. వాల్టర్ నెర్న్‌స్ట్ అనే రసాయన శాస్త్రవేత్త ఆలోచన దానికి అడ్డం తిరిగింది. ఇప్పటికే ఆక్సిజన్‌తో కలిసిపోయిన పదార్థాన్నే వెలిగిస్తే ఇక కాలేదేముంది? జిర్కోనియం ఆక్సైడ్ 85 పాళ్లు, యిట్రియం ఆక్సైడ్ 15 పాళ్లు కలిపి సన్నటి కడ్డీ చేశాడు. చల్లగా ఉన్నప్పుడు అందులోంచి కరెంటు పారదు. ముందుగా వేడి చేస్తే పారడం మొదలై, ఆ పారుదల వేడికే తెల్లగా వెలుగుతుంది. ఈ దీపం హక్కుల్ని ఏఈజీ కంపెనీ దాదాపు పది లక్షల మార్కులకు కొనుక్కుంది. టంగ్‌స్టన్ తీగ వచ్చాక దీపం మూలన పడింది. నెర్న్‌స్ట్ మాత్రం ఆ డబ్బుతో మోటారు కార్ల సరదా తీర్చుకున్నాడు. జీవితంలో పద్దెనిమిది కార్లు కొన్నాడనీ, ఇంజిన్‌కు అదనపు బలం కోసం కార్బురేటర్‌లోకి నైట్రస్ ఆక్సైడ్ వదిలేందుకు సిలిండర్ వెంట పెట్టుకు తిరిగేవాడనీ అంటారు. నేటి రేసు కుర్రాళ్లకు ఆయన్ని మూలపురుషుడిగా చూపించవచ్చు.

అంతకు పదేళ్ల ముందే, 1889లో, ఆయన ఒక సమీకరణం రాశాడు. రెండు వైపులా ఒకే పదార్థం వేర్వేరు గాఢతల్లో ఉంటే వాటి మధ్య ఎంత వోల్టేజి పుడుతుందో అది లెక్కగట్టి చెబుతుంది. దీపపు కడ్డీ, ఈ సమీకరణం ఒకే మనిషి బల్ల మీద పుట్టాయి. ఆ రెండూ కలిసి కొలత సాధనంగా మారడానికి మాత్రం అరవై ఏళ్లకు పైగా పట్టింది. వేడెక్కిన జిర్కోనియాలో కరెంటు ఎందుకు పారుతుందో 1943లో కార్ల్ వాగ్నర్ వివరించాడు. జిర్కోనియం స్థానంలో యిట్రియం కూర్చుంటే స్ఫటికంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట ఖాళీలు ఏర్పడతాయి, ఆక్సిజన్ అయాన్లు ఆ ఖాళీల్లోకి గెంతుతూ సాగుతాయి. 1960ల మొదట్లో అమెరికాలోని వెస్టింగ్‌హౌస్ పరిశోధకులు వైస్‌బార్ట్, రుకా దీన్ని ఆక్సిజన్ మీటరుగా మలిచారు. ఉక్కు కొలుముల్లో, బాయిలర్ పొగగొట్టాల్లో అది పనికొచ్చింది. కారులో పెట్టాలన్న అవసరం అప్పటికింకా ఎవరికీ రాలేదు.

ఆ అవసరాన్ని తెచ్చింది లాస్ ఏంజెలెస్ నగరపు గాలి. 1943 జులైలో ఒకరోజు ఊరంతా కళ్లు మండి, గొంతు గరగరలాడి, మూడు వీధుల అవతల ఏముందో కనిపించలేదు. యుద్ధకాలం కాబట్టి జపాన్ విషవాయువు వదిలిందేమో అన్న భయం కూడా పుట్టింది. తర్వాత అనుమానం ఒక కృత్రిమ రబ్బరు ముడిసరుకు ఫ్యాక్టరీ మీదికి మళ్లింది. దాన్ని ఆపినా పొగమంచు ఆగలేదు. చివరికి గుట్టు విప్పినవాడు అప్పటిదాకా అనాసపండు వాసన మీద పరిశోధన చేస్తున్న ఆరీ హాగెన్-స్మిట్. కాల్టెక్‌లో ప్రొఫెసర్. గాలిని చల్లబరిచి అందులోని సారాన్ని పట్టి చూశాడు. కార్ల నుంచీ చమురు శుద్ధి కర్మాగారాల నుంచీ వచ్చే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్ పుట్టిస్తున్నాయని 1950ల తొలి సంవత్సరాల్లో తేల్చాడు. ఓజోన్ తగిలితే రబ్బరు పగుళ్లిస్తుంది. ఎన్ని నిమిషాల్లో పగిలిందో చూసి గాలి ఎంత చెడిందో అంచనా వేశారు. చమురు, మోటారు పరిశ్రమలు చాలాకాలం ఒప్పుకోలేదు. పళ్ల వాసనలు చూసుకునే మనిషికి ఇంజిన్ల సంగతేం తెలుసన్న ఎకసెక్కం కూడా ఆ తిరస్కారంలో ఉండే ఉంటుందని నా అనుమానం. 1968లో కాలిఫోర్నియా వాయు వనరుల మండలికి తొలి అధ్యక్షుడు ఆయనే అయ్యాడు.

1970 చివరిరోజున అమెరికా అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన స్వచ్ఛ వాయు చట్టం కార్ల కంపెనీలకు గొంతులో పచ్చి వెలక్కాయ అయింది. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు 1975 నాటికి, నైట్రోజన్ ఆక్సైడ్లు 1976 నాటికి తొంభై శాతం తగ్గాలన్నారు. గడువులు తర్వాత జరిగాయి గానీ దారి మాత్రం మారలేదు. 1975 మోడళ్లలో ప్లాటినం పూత ఉన్న క్యాటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి. సీసం కన్వర్టర్‌ను చంపేస్తుంది కాబట్టి సీసం లేని పెట్రోలు కూడా వచ్చింది. సీసం ఇంజిన్‌లో అడుగుపెట్టకపోవడం తర్వాత సెన్సర్‌కూ ప్రాణం పోసింది. అయితే ఆ కన్వర్టర్లు మూడు విషాల్లో రెండింటినే కాల్చగలవు. మూడోదైన నైట్రోజన్ ఆక్సైడ్‌ను విడగొట్టాలంటే ఆక్సిజన్‌ను లాగెయ్యాలి, మొదటి రెండింటికీ ఆక్సిజన్ అందించాలి. ఇవి పరస్పరం ఎదురుపడే పనులు. ఎంగెల్‌హార్డ్ కంపెనీలో కార్ల్ కీత్, జాన్ మూనీ బృందం మూడింటినీ ఒకేసారి చెయ్యగల కన్వర్టర్ తయారుచేసింది. షరతు ఒకటే: గాలీ పెట్రోలూ రసాయనపరంగా సరిగ్గా సరిపోయే నిష్పత్తిలో ఉండాలి. బరువులో పెట్రోలు ఒక పాలు, గాలి 14.7 పాళ్లు. దాన్ని లాంబ్డా ఒకటి అంటారు. ఏమాత్రం అటూ ఇటూ అయినా ఏదో ఒక విషం తప్పించుకుపోతుంది.

కార్బురేటర్ అంత కచ్చితంగా ఎప్పుడూ ఉండదు. ఎండ మారుతుంది, ఎత్తు మారుతుంది, ఫిల్టరులో దుమ్ము పేరుకుంటుంది. ఇక మిగిలింది పొగను చూసి పెట్రోలును సవరించే పద్ధతి. 1960ల చివర నుంచి గుంటర్ బౌమన్ నాయకత్వంలో జర్మనీకి చెందిన బాష్ కంపెనీ చేసిన జిర్కోనియా సెన్సర్‌ను స్వీడన్‌లోని వోల్వో తన 240 వరస కార్లలో పెట్టింది. 1976లో కాలిఫోర్నియా అమ్మకాలకు, 1977 మోడల్‌గా వచ్చిందా కారు. ముందు జాలీ మీద ‘లాంబ్డా సోండ్’ అని బిళ్ల కూడా తగిలించారు. కాలుష్య నియంత్రణ భాగాన్ని అలంకారంగా కారు ముఖాన పెట్టి అమ్ముకున్న సందర్భాలు లోకంలో ఎన్నో లేవు. 1981లో అమెరికా నైట్రోజన్ ఆక్సైడ్ హద్దును మరింత బిగించాక ఇలాంటి సెన్సర్ లేకుండా పెట్రోలు కారు అమ్మడం దాదాపు అసాధ్యమైంది.

ఆ తొలి సెన్సర్ పనితనం ముచ్చటగానే ఉంటుంది. చేతివేలి తొడుగులాంటి పింగాణీ. బయట పొగ, లోపల మామూలు గాలి, రెండు వైపులా ప్లాటినం పూత. మూడు వందల డిగ్రీల పైన వేడెక్కాక రెండు వైపుల ఆక్సిజన్ తేడా వోల్టేజిగా పలుకుతుంది. లాంబ్డా ఒకటి దగ్గర మిగిలే ఆక్సిజన్ ఎన్నో రెట్లు మారిపోతుంది కాబట్టి అక్కడ వోల్టేజి నిట్టనిలువుగా దూకుతుంది. రిచ్ అయితే 0.8, 0.9 వోల్టులు, లీన్ అయితే 0.1. మధ్యలో నిలిచే చోటంటూ లేదు. కూరలో ఉప్పు ఎక్కువో తక్కువో చెప్పి, ఎంతన్నది చెప్పని నాలుక లాంటిది. చట్టానికి ఇది చాలు. కంప్యూటర్ ఒకసారి అటు, ఒకసారి ఇటు తూగుతూ సగటున ఒకటి దగ్గర నిలబడుతుంది. తీగ ఒకటైనా, తర్వాత హీటర్ కలిసి నాలుగైనా, మల్టీమీటర్ తగిలించి వోల్టేజి చదువుకుంటే సరిపోయేది. గుట్టంటూ ఏదీ లేదు.

చట్టానికి చాలింది గానీ ఇంజిన్‌ను అర్థం చేసుకోవాలనేవాళ్లకు చాలలేదు. గరిష్ఠ శక్తి కావాలంటే మిక్చర్ లాంబ్డా 0.85, 0.9 దగ్గర ఉండాలి, అది రిచ్ వైపు. పొదుపు కావాలంటే ఒకటి దాటి లీన్ వైపు పోవాలి. ఆ రెండు ఇలాకాల్లోనూ పాత సెన్సర్ మూగది. హోరిబా వంటి కంపెనీల ల్యాబ్ మీటర్లు ఉండేవి, వేల డాలర్ల ధర. అప్పటిదాకా మెకానిక్‌కు స్పార్క్ ప్లగ్ రంగే మీటరు. కాఫీ పొడి రంగుంటే సరి, మసి పట్టితే రిచ్, తెల్లబారితే లీన్. ఈ విద్యను తేలిగ్గా తీసిపారెయ్యకూడదు. దాంతోనే దశాబ్దాల రేసులు గెలిచారు. అయితే ఇంజిన్ తిరుగుతూ ఉండగా, ఏ క్షణాన ఏమైందో ప్లగ్ చెప్పలేదు.

దీనికి జవాబుగా వచ్చిన వైడ్‌బ్యాండ్ సెన్సర్‌లో ఉన్న తెలివి ఈ కథంతటికీ కీలకం. అందులో రెండు జిర్కోనియా పలకలు, వాటి మధ్య వెంట్రుకవాసి ఖాళీ. పొగ సన్నటి రంధ్రం గుండా నెమ్మదిగా ఆ ఖాళీలోకి చేరుతుంది. ఒక పలక పాత సెన్సర్ పనే చేస్తుంది, ఖాళీలో లాంబ్డా ఒకటి ఉందా లేదా అని చూస్తుంది. రెండో పలక పంపు. జిర్కోనియాలో ఆక్సిజన్ తేడా కరెంటు పుట్టిస్తుందంటే, కరెంటు పంపి ఆక్సిజన్‌ను కదిలించడమూ సాధ్యమేగా! ఖాళీలో ఆక్సిజన్ ఎక్కువైతే బయటికి తోడాలి, తక్కువైతే పొగలోని నీటి ఆవిరినీ కార్బన్ డయాక్సైడ్‌నీ విడగొట్టి లోపలికి నెట్టాలి. మొదటి పలక దగ్గర ఎప్పుడూ 450 మిల్లీవోల్టులే ఉండేలా పంపు కరెంటును సవరిస్తూ పోవాలి. అలా సవరించడానికి ఎంత కరెంటు పట్టిందన్నదే కొలత. మిక్చర్ సరిగ్గా ఉంటే సున్నా, లీన్ అయితే అటు, రిచ్ అయితే ఇటు, కొన్ని మిల్లీయాంపులు. బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 సెన్సర్‌ను ఉత్త గాలిలో పెడితే దాదాపు 2.54 మిల్లీయాంపులు, లాంబ్డా 0.8 దగ్గర మైనస్ 1.11.

ఇక్కడే మలుపు. పాత సెన్సర్ తనంతట తాను వోల్టేజి పలికేది. వైడ్‌బ్యాండ్ సెన్సర్ తనంతట తాను ఏమీ పలకదు. బయట ఉన్న సర్క్యూట్ నిరంతరం దాన్ని నడిపిస్తూ ఉంటేనే అందులోంచి అంకె వస్తుంది. సగం పరికరం పింగాణీలో ఉంటే మిగతా సగం కంట్రోలర్‌లో ఉంది. పింగాణీని కొట్లో కొనుక్కోవచ్చు. కంట్రోలర్ సగం మాత్రం కార్ల కంపెనీల కంప్యూటర్లలో, బాష్ తన కోసం చేసుకున్న ప్రత్యేక చిప్‌లలో, కొద్దిమందికే ఇచ్చే కాగితాల్లో ఉండిపోయింది.

మొదటి బయటి చేతుల్లోకి అది చేరిన దారి కొంత విచిత్రం. 1992లో హోండా సివిక్ వీఎక్స్ అనే కారు తెచ్చింది. గాలి నిష్పత్తి ఇరవైకి పైన పెట్టి అతి పలుచటి మిక్చర్‌తో నడిచే, మైలేజీ కోసమే పుట్టిన కారు. దానికి ఎన్‌టీకే అనే జపాన్ కంపెనీ చేసిన అయిదు తీగల వైడ్‌బ్యాండ్ సెన్సర్ అమర్చారు. మామూలు కారులోకి వైడ్‌బ్యాండ్ వచ్చిన తొలి సందర్భాల్లో అదొకటి. స్పేర్ పార్టుగా దొరికే ఆ సెన్సర్‌ను కొన్నవాళ్లలో కొందరికి మైలేజీతో పని లేదు. టర్బో ఇంజిన్ పగలకుండా మరో యాభై గుర్రాల బలం పిండుకోవాలన్నదే వాళ్ల ఆరాటం. పిసినారి కారు కోసం పుట్టిన సెన్సర్ దుబారా కార్ల చేతిలో పడింది. తర్వాత బాష్ ఎల్‌ఎస్‌యూ 4.2 ఫోక్స్‌వాగన్ కార్లలో వచ్చాక ధర దిగింది, లభ్యత పెరిగింది.

2000 తర్వాత తొలి ఏళ్లలో ఆస్ట్రేలియాకు చెందిన టెక్ ఎడ్జ్, ఇంట్లోనే చేసుకునే వైడ్‌బ్యాండ్ కంట్రోలర్ సర్క్యూట్ బొమ్మను, విడిభాగాల జాబితాను అందరికీ అందుబాటులో పెట్టింది. కిట్ కొని సోల్డర్ చేసుకోవచ్చు. ఓపిక ఉంటే కిట్ కూడా అక్కర్లేదు. ‘జస్ట్ అనదర్ వైడ్‌బ్యాండ్’ అన్న వినయమైన పేరుతో ఇంకో డిజైన్ వచ్చింది, మరీ తక్కువ భాగాలతో. అదే కాలంలో, 2001లో, అమెరికాలో బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో మెగాస్క్విర్ట్ అనే ఇంధన కంప్యూటర్‌ను జనం సొంతంగా కట్టుకునేలా విడుదల చేశారు. మోటరోలా చిన్న చిప్, చేత్తో అమర్చుకునే భాగాలు. పెట్రోలు ఎంత పొయ్యాలో మెగాస్క్విర్ట్ చేతిలో ఉంది, పోసిందాంట్లో ఎంత సరిపోయిందో చెప్పే కన్ను వైడ్‌బ్యాండ్. ఒకటి లేకుండా రెండోది గుడ్డిది. ఈ జోడీ కుదిరాక ఇంట్లో ఇంజిన్ ట్యూన్ చేసుకోవడం పనిమంతుడికి సాధ్యమయ్యే విషయమైంది. వ్యాపారులు ఊరుకోరుగా. ఇన్నోవేట్ వంటి కంపెనీలు కొన్ని వందల డాలర్లకు తయారు మీటర్లు తెచ్చాయి. సౌకర్యం మీద ప్రేమ ఎక్కువున్నవాళ్లు అటు వెళ్లారు. అందులో తప్పేమీ లేదు.

ఇక్కడొక చిక్కును దాటవెయ్యకూడదు. ఆ రోజుల్లో ‘ఓపెన్’ అన్న మాట చాలా సాగేది. సర్క్యూట్ బొమ్మ ఇస్తారు, చిప్‌లోకి ఎక్కించే ప్రోగ్రామును మాత్రం యంత్ర భాషలోనే ఇస్తారు. లేదా ప్రోగ్రామూ ఇస్తారు, కానీ తమ బోర్డు మీదే వాడాలంటారు. మెగాస్క్విర్ట్ కూడా ఈ రెండో రకానికి చెందిందే. చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, వేరే బోర్డు మీద అమ్ముకోకూడదు. హార్డ్‌వేర్ విషయంలో ఓపెన్ అంటే ఏమిటో ఒక లిఖిత నిర్వచనం 2011లో గానీ రాలేదు. దానికి ముందు పనిచేసినవాళ్లను ఆ కొలబద్దతో తూచడం అన్యాయం. వాళ్లు తెరిచిన కిటికీ చిన్నదే అయినా, అప్పటిదాకా అక్కడున్నది గోడ.

తర్వాతి తరం బాష్ సొంత చిప్‌నే బయటికి లాక్కొచ్చింది. సీజే125 అనే ఆ చిప్ పంపు కరెంటు నడిపిస్తుంది, పింగాణీ లోపలి నిరోధాన్ని కొలుస్తుంది, తీగ తెగితే చెబుతుంది. కార్ల కంప్యూటర్ల కోసమే పుట్టిన ఆ చిప్ విడిగా దొరకడం మొదలయ్యాక ఆర్డూయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద తొడుక్కునే లాంబ్డా షీల్డులు వచ్చాయి, స్వీడన్‌లో బైలుండ్ ఆటోమోటివ్ చేసినట్టివి. కాలేజీ కుర్రాడు వారాంతంలో పని చేయించగలిగేంత తేలికైంది. ఆర్డూయినో చిప్ పని మూడు ముక్కలు: హీటర్‌కు కరెంటు అందించడం, సీజే125ని ప్రశ్నించడం, వచ్చిన సమాధానాన్ని పట్టికలో వెతికి లాంబ్డా చెప్పడం. నేర్చుకోవడానికి మంచి సామగ్రి. అయితే కష్టమైన పనంతా బాష్ చిప్‌లోనే ఉండిపోయింది, నేర్చుకునేవాడు దాని గుమాస్తా.

నా దృష్టిలో అసలు తలుపు తెరిచినవి ఆ చిప్‌ను కూడా పక్కనపెట్టిన డిజైన్లు. రష్యన్ మూలాలున్న రస్‌ఈఎఫ్‌ఐ అనే ఓపెన్ సోర్స్ ఇంజిన్ కంప్యూటర్ ప్రాజెక్టు చుట్టూ 2020 ప్రాంతంలో పుట్టిన వైడ్‌బ్యాండ్ కంట్రోలర్ అలాంటిది. ఎస్‌టీఎం32 కుటుంబపు చవక మైక్రోకంట్రోలర్ ఒకటి, సంకేతాన్ని పెంచే నాలుగు మామూలు ఆప్-ఆంప్‌లు, హీటర్‌కు ఒక ట్రాన్సిస్టర్. అంతే. మిగతాదంతా ప్రోగ్రాములో. ఆ ప్రోగ్రామును ఎవరైనా చదవవచ్చు. అందులోని ఒక ఉపాయం చెప్పుకోదగ్గది. కొలతకు రెండు సంగతులు కావాలి: మొదటి పలక వోల్టేజి, దాని ఉష్ణోగ్రత. పింగాణీ లోపల థర్మామీటర్ పెట్టే చోటు లేదు. వేడి పెరిగేకొద్దీ పలక నిరోధం తగ్గుతుంది కాబట్టి నిరోధం చూస్తే ఉష్ణోగ్రత తెలుస్తుంది. ఎల్‌ఎస్‌యూ 4.9లో 300 ఓములంటే 780 డిగ్రీలు, 4.2లో 80 ఓములంటే 750. నిరోధం కొలవాలంటే కరెంటు పంపాలి, పంపితే అసలు వోల్టేజి చెడుతుంది. ఒకే తీగ మీద రెండు కబుర్లు. అందుకని చాలా వేగంగా ఒకసారి అటు, ఒకసారి ఇటు చిన్న కరెంటు నెడతారు. వచ్చే కొలతల సగటు అసలు వోల్టేజి, వాటి మధ్య ఎగుడుదిగుడు నిరోధం. ఒకే సంకేతంలోంచి రెండింటినీ కూడికా తీసివేతలతో విడదీస్తారు. ఇంత సాదా గణితం అన్నేళ్లు సిలికాన్ చిప్‌లో సీలు పడి ఉందంటే ఆశ్చర్యమే. కరోనా తర్వాత చిప్‌లకు కరువొచ్చినప్పుడు ప్రత్యేక చిప్ అక్కర్లేని డిజైన్ ఎంత పనికొస్తుందో అందరికీ అర్థమైంది.

హీటర్ సంగతి మాత్రం ఉపాయంతో తప్పించుకునేది కాదు. కొత్తగా కంట్రోలర్ కట్టేవాళ్లలో ఎక్కువమంది సెన్సర్లను చంపేది ఇక్కడే. పొద్దున్నే ఇంజిన్ స్టార్ట్ చేస్తే సైలెన్సర్‌లో నీటి చుక్కలుంటాయి. ఎర్రగా కాలిన పింగాణీ మీద ఒక్క చుక్క పడితే టప్పున పగులుతుంది. అందుకే ముందు కొంచెం వెచ్చచేసి, నీరు ఆరాక ఎనిమిదిన్నర వోల్టులతో మొదలెట్టి, సెకనుకు 0.4 వోల్టు చొప్పున పెంచుకుంటూ పోవాలని బాష్ పత్రం చెబుతుంది. తొందరపడి ఒక్కసారిగా పన్నెండు వోల్టులిచ్చినవాడికి ఖాళీ చేతులే మిగులుతాయి. దీనికి తలకిందుల తప్పు కూడా ఉంది: హీటర్ ఆపి సెన్సర్‌ను పొగలో వదిలేస్తే మసి పట్టి పాడవుతుంది. సీసం ఉన్న రేసు పెట్రోలు, గాస్కెట్లకు పూసే సిలికాన్ జిగురు పొగ, ఇవి నిదానంగా చంపేవి.

కొలత ఎవరి చేతిలో ఉందన్నది మోజు విషయం కాదని 2015లో లోకం చూసింది. ఫోక్స్‌వాగన్ డీజిల్ కార్లు పరీక్ష గదిలో ఒకలాగా, రోడ్డు మీద ఇంకొకలాగా నైట్రోజన్ ఆక్సైడ్లు వదులుతున్నాయని బయటపడింది. తీగ లాగింది వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయంలోని చిన్న బృందం. అందులో ఇద్దరు భారతీయులు. కారు వెనక డిక్కీలో మీటర్లు పెట్టుకుని కాలిఫోర్నియా రోడ్ల మీద తిరిగారు. కారు కంప్యూటర్‌లోని ప్రోగ్రామును ఎవరూ చదవలేని స్థితిలో, బయటి నుంచి కొలిచినవాళ్లే నిజం చెప్పారు. వాళ్ల మీటర్లకూ గ్యారేజీ వైడ్‌బ్యాండ్‌కూ ధరలో ఏనుగుకూ ఎలుకకూ ఉన్నంత తేడా ఉంది. అయినా కారు చెప్పినదాన్ని నమ్మకుండా పొగను అడగాలన్న బుద్ధి రెండింటిదీ ఒకటే.

మన దేశానికి ఈ పింగాణీ ఆలస్యంగా, చట్టం వెంటే వచ్చింది. 1995లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు, 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా. కార్లలో ఫ్యూయల్ ఇంజెక్షన్ వ్యాపించడంతో సెన్సర్లు వచ్చాయి. బండ్ల సంగతి వేరు. మన రోడ్ల మీద పెట్రోలు ఎక్కువ తాగేది మోటారు సైకిళ్లూ స్కూటర్లూ. వాటిలో కార్బురేటరే రాజ్యమేలింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నియమాలు అమల్లోకి రాగానే వంద సీసీ బండి సైలెన్సర్‌కూ ఆక్సిజన్ సెన్సర్ వచ్చి చేరింది. బెజవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ సందుల్లోనో చెవి ఇంజిన్ శబ్దానికి ఒగ్గి, స్క్రూడ్రైవర్‌తో పావు చుట్టు తిప్పి బండి పికప్ తెచ్చే మెకానిక్‌కు తిప్పడానికి స్క్రూయే లేకుండా పోయింది. స్కానర్ కొనమంటారు. ఆ బండిలో ఉన్నదేమో ఎక్కువో తక్కువో మాత్రమే చెప్పే పాత రకం సెన్సర్. చవకైన ఓపెన్ వైడ్‌బ్యాండ్ బోర్డు వాళ్ల చేతికి వెళ్లాల్సిన అవసరం ఇక్కడే ఎక్కువని నాకనిపిస్తుంది. వెళ్లకపోవడానికి కారణం బోర్డు ధర కాదు. సెన్సర్ ధర, పైగా దాన్ని వాడడమెలాగో తెలుగులో చెప్పే కాగితం లేకపోవడం.

పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ కలిసిన ఈ20 బంకుల్లోకి వచ్చాక ఈ అవసరం ఇంకా పెరిగింది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది కాబట్టి దానికి గాలి తక్కువ చాలు. 14.7 అన్న పాత నిష్పత్తి ఈ20కి దాదాపు 13.5కి దిగుతుంది. సెన్సర్ లేని పాత కార్బురేటర్ బండి అదే జెట్‌తో ఈ20 తాగితే లీన్ వైపు జరుగుతుంది. మార్కెట్లో దొరికే చాలా మీటర్లు లాంబ్డాను 14.7తో గుణించి నిష్పత్తిగా చూపిస్తాయి. పింగాణీ నిజంగా కొలిచేది లాంబ్డాను. ఇంధనం ఏదైనా లాంబ్డా ఒకటి అంటే సరిపోయిందనే. ప్రోగ్రాము చేతిలో ఉన్నవాడు ఆ గుణకారం తీసేసి లాంబ్డాను చూపించుకోగలడు. సీలు వేసిన మీటరు కొన్నవాడు తలలో లెక్క వేసుకోవాలి.

ఇంత తెరిచాక మిగిలిందేమిటి? పింగాణీ. జిర్కాన్ ఇసుక మన తూర్పు తీరంలో ఉంది, దాన్నుంచి జిర్కోనియం ఆక్సైడ్ తీసే విద్య హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయానికి దశాబ్దాలుగా తెలుసు. అది రియాక్టర్ల గొట్టాల కోసం. ఆ ఆక్సైడ్‌ను వెంట్రుకవాసి ఖాళీలున్న పొరలుగా అచ్చువేసి, ప్లాటినంతో కలిపి కాల్చి, లక్షల సంఖ్యలో ఒకేలా తియ్యడం వేరే విద్య. అది ప్రధానంగా జర్మనీ, జపాన్ దేశాలకు చెందిన రెండు కంపెనీల కొలుముల్లో ఉంది. ఆ కొలుముల్లో కూడా ఏ రెండు సెన్సర్లూ అచ్చంగా ఒకేలా రావు. అందుకే ప్రతి సెన్సర్‌ను ఫ్యాక్టరీలో తెలిసిన వాయువులో పెట్టి, దాని తేడాకు సరిపడా ఒక చిన్న రెసిస్టర్‌ను లేజర్‌తో కోసి కనెక్టర్‌లో దాస్తారు. కంట్రోలర్ కట్టినవాడు తన 61.9 ఓముల రెసిస్టర్‌ను దానికి సమాంతరంగా కలుపుకుంటాడు. ప్రోగ్రాములో ప్రతి వరుసా తనది, బోర్డు మీద ప్రతి గీతా తనది. తన మీటరు 0.85 అని చూపిస్తే, ఆ అంకె నిజమో కాదో మొదట తేల్చింది మాత్రం తనెన్నడూ చూడని ఫ్యాక్టరీలోని ఆ లేజరు కోతే. కనెక్టర్ కత్తిరించి వేరేది అతికించినవాళ్లు ఆ రెసిస్టర్‌నూ పారేసుకుని, మీటరు తప్పు చూపిస్తోందని సర్క్యూట్‌లో లోపం కోసం వెతుకుతుంటారు.